నాచెజ్‌లో ఒక్క రోజు: ఊళ్లో మేడలా, ఊరవతలి దారా?

అమెరికాలో మిసిసిపి నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉంటుంది నాచెజ్ అనే ఊరు. రెండు రోజులుంటే ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ తీరిగ్గా చూడవచ్చు. ఒక్క రోజే ఉంటే ఏదో ఒకటి వదులుకోవాలి. చాలామంది పత్తి సంపన్నుల పాత మేడలకే మొగ్గుతారు. నేను మాత్రం ఊరవతలి దారినే ఎంచుకుంటాను.

మేడల అందాన్ని కాదనను. 1716లో ఫ్రెంచివారి కోటతో మొదలైన ఈ ఊరికి తర్వాత పత్తి సిరులు కురిపించింది. ఒక్క ఇల్లే చూడగలిగితే లాంగ్‌వుడ్ చూడండి. ఎనిమిది ముఖాల భవనం, పైన ఉల్లిగడ్డలాంటి గుమ్మటం. 1860లో పని మొదలైంది. మరుసటి ఏడాది అంతర్యుద్ధం రావడంతో ఉత్తరాది పనివాళ్లు వెళ్లిపోయారు. 32 గదుల్లో కింది అంతస్తులోని తొమ్మిదే పూర్తయ్యాయి. పైన ఇప్పటికీ పూతలేని ఇటుక గోడలు, మొండి దూలాలే. మిగతా మేడలు నాలుగైదు చూశాక ఏ తెర ఎక్కడ చూశామో గుర్తుండదు.

ఆ సిరి ఎవరి చెమట? ఊరి అంచున ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్ దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. ఆ ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్ తర్వాత అతిపెద్ద బానిసల సంత 1863 వరకు ఇక్కడే నడిచింది. నాటి కట్టడాలేవీ మిగలలేదు. కాంక్రీటులో బిగించిన ఇనుప సంకెళ్లు మాత్రం కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. పగిలిన పత్తికాయ మొనలు వేళ్లను ఎలా గీరేస్తాయో మన పత్తి రైతులకు, కూలీలకు వేరే చెప్పాలా? ఇక్కడ కొన్న మనుషులను తోలింది ఆ చేలకే. మేడలు చూసినా చూడకపోయినా, ఇక్కడ ఓ అరగంట నిలబడండి.

అక్కడి నుంచి నాచెజ్ ట్రేస్ ఎక్కండి. నాష్‌విల్ దాకా 444 మైళ్ల దారి. సరుకు లారీలను రానివ్వరు, వేగం గంటకు 50 మైళ్లు మించకూడదు. పూర్వం నదిలో దిగువకు పడవల్లో సరుకు తెచ్చి, ఆ పడవలను కూడా కలపకింద అమ్మేసి, వర్తకులు ఇటుగానే ఇంటికి నడిచేవారు. పోర్ట్ గిబ్సన్ దగ్గర పాత బాట ఒక ముక్క మిగిలి ఉంది. గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి మట్టి కావడంతో, నడకకు అరిగి అరిగి బాట లోతుగా దిగిపోయింది. లోపల నిలబడితే రెండు వైపులా గట్లు తలకంటే ఎత్తున లేస్తాయి, చెట్ల వేళ్లు మొహం ముందే వేలాడతాయి.

దారిలోనే ఎమరాల్డ్ మౌండ్. నాచెజ్ అనే స్థానిక తెగవారి పూర్వికులు పోసిన ఈ దిబ్బ దాదాపు 8 ఎకరాలు.

విండ్సర్ అనే పాత మేడ శిథిలాలను చివరికి ఉంచుకోండి. 1890లో భవనం కాలిపోగా 23 స్తంభాలు మిగిలాయి. మోయడానికి పైకప్పు లేదు, చుట్టూ అడవి.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు వెంట ఉన్నా, ఆగస్టు ఎండలో వెళ్తున్నా మేడలే నయం. లేదంటే ట్యాంకు నింపుకొని బయలుదేరండి, ట్రేస్ మీద పెట్రోలు బంకులు లేవు.