బగ్ రిపోర్ట్ ఎక్కడ పెట్టాలి: డిస్ట్రోకా, అసలు ప్రాజెక్టుకా?

డిస్ట్రో అంటే ప్రోగ్రామ్‌లను ప్యాకేజీలుగా కూర్చి ఇచ్చే ఉబుంటు లాంటి లినక్స్ సిస్టమ్; అసలు ప్రాజెక్టు అంటే ఆ ప్రోగ్రామ్‌ను రాసే బృందం.

శ్రమ: డిస్ట్రోకైతే తేలిక. ఉబుంటులో ఉబుంటు-బగ్ కమాండ్ ప్యాకేజీ వెర్షన్, సిస్టమ్ వివరాలు తానే జతచేస్తుంది. గ్నోమ్, కేడీఈ (లినక్స్ డెస్క్‌టాప్‌లు) లాంటి అసలు ప్రాజెక్టులకైతే ఆ వివరాలు చాలావరకు మీరే రాయాలి, తాజా వెర్షన్‌లోనూ బగ్ వస్తోందని చూపాలి. క్రాష్ అయితే బ్యాక్‌ట్రేస్ (క్రాష్ అయ్యేటప్పుడు ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) తప్పనిసరి. డీబగ్ సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు తెలిపే అదనపు సమాచారం) లేకుండా తీస్తే ఫంక్షన్ పేర్లున్న చోట ప్రశ్నార్థకాలే మిగులుతాయి; దానితో డెవలపర్ ఏమీ చేయలేరు.

రిస్క్: డిస్ట్రోలో రిపోర్ట్ నెలల తరబడి కదలకపోవచ్చు. అసలు ప్రాజెక్టులో పాత వెర్షన్ అని మూసేయొచ్చు. లాగ్‌లలో యూజర్‌నేమ్, ఫైళ్ల పేర్లు ఉంటాయి, ఎక్కడికి పంపినా ముందు చదవండి.

ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవ్వకపోయినా, డిస్ట్రో సొంత ప్యాచ్ (కోడ్‌లో తాను చేసిన మార్పు) మీద అనుమానమున్నా డిస్ట్రోకే. మరో డిస్ట్రో లైవ్ యూఎస్‌బీలోనూ (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది) అదే బగ్ కనిపిస్తే నేరుగా అసలు ప్రాజెక్టుకు.