తీగ ఎక్కడ కట్టాలి? దేవమాలి, మహేంద్రగిరి, గోపాల్‌పూర్

దేవమాలి శిఖరం మీద గాలికి నా వెదురు గడ రెండుసార్లు ఒరిగిపోయింది. మూడోసారి మొదట్లో రాళ్లు పేర్చి నిలబెట్టి, దాని తల నుంచి రెండు వైపులా పదేసి మీటర్ల తీగను యాంటెన్నాగా దించి, హామ్ రేడియో (లైసెన్సు ఉన్న ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) ఆన్ చేశాను. ఒడిశాలోకెల్లా ఎత్తయిన చోటు అది, 1672 మీటర్లు. ఇంత పైకి వచ్చాక ఎక్కడెక్కడి గొంతులో పలుకుతాయని ఆశపడ్డాను. విశాఖపట్నం పలికింది, హైదరాబాద్ పలికింది. పర్లాకిమిడిలో మా ఇంటి మేడ మీద నుంచి కూడా ఆ రెండూ దొరుకుతాయి.

కారణం తెలిసినదే, కానీ కొండెక్కితే గాని మనసుకు పట్టలేదు. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర, నేలకు దగ్గరగా కట్టిన తీగ నుంచి తరంగాలు ఎక్కువగా నిట్టనిలువునా పైకి పోయి, అయనోస్ఫియర్ అనే పై వాతావరణ పొరను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతాయి. వాటికి కొండ ఎత్తు ఒక లెక్క కాదు. కొండ మీద దొరికేది నిశ్శబ్దం. పట్టణంలో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు చేసే గరగర అక్కడ ఉండదు. బలహీనమైన స్వరం కూడా తెల్లకాగితం మీద సిరాచుక్కలా తేలుతుంది.

నేను మోసుకెళ్లింది బిట్‌ఎక్స్ అనే నమూనా ప్రకారం నా చేతులతో కట్టుకున్న, మాట్లాడే, వినే రేడియోలు రెండు. ఒకటి ఏడు మెగాహెర్ట్జ్‌కు, ఇంకొకటి పద్నాలుగుకు. హైదరాబాద్‌కు చెందిన అషర్ ఫర్హాన్ ఈ నమూనాను మన బజారులో దొరికే సరుకుతోనే కట్టుకునేలా రూపొందించారు. కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు వాడుకోవచ్చని చూపించిన మనిషి ఆయన. ఆ ఒక్క ఆలోచన ఎంతమందికి ధైర్యమిచ్చిందో! నాకైతే రాగితీగ మా వీధిలోని ఫ్యాను వైండింగ్ షాపులో దొరికింది, పెట్టె పాత స్టీలు డబ్బా. యూపీఎస్ బ్యాటరీ ఒక్కటే రెండు కిలోల పైచిలుకు బరువు. దాన్ని ఈసారి మార్చాలి, నడకలో భుజం కోసేస్తుంది.

ఒక తప్పు చెప్పాలి, ఇతరులకు పనికొస్తుంది. చెట్టుకు ఒక చివర కట్టి, రెండో చివర రేడియో దగ్గర ఉంచే ఇరవై మీటర్ల తీగ ఒకటి ఉంది. ఏడుకూ పద్నాలుగుకూ అదే పనిచేస్తుంది. దాని మొదట్లో తీగనూ రేడియోనూ జత కుదిర్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి: ఒకవైపు రెండు చుట్లు, మరోవైపు పద్నాలుగు. నేను మొదట పాడైన కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) లోంచి తీసిన పసుపు-తెలుపు రింగు మీద చుట్టాను. నాలుగు మాటలు మాట్లాడేసరికి వేడెక్కింది. నా రేడియో పంపే ఆరు వాట్లలో సగం ఆ రింగే తాగేసి ఉంటుంది. ఆ పదార్థం ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీకి తగదు. సరైన ఫెర్రైట్ రింగు తెప్పించి అదే లెక్కన చుట్టగానే కుదిరింది.

దేవమాలికి సిమిలిగూడ మీదుగా వెళ్లాను. రాయగడ నుంచి కొరాపుట్‌కు రైలు, అక్కడి నుంచి జీపు. జీపు నడిపినాయన తెలుగువారే. నేను శిఖరం మీద నాలుగు గంటలు కూర్చున్నా ఒక్కసారైనా తొందరపెట్టలేదు, పైగా తీగ చివర పట్టుకుని నిలబడ్డారు. లాడ్జి గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. రేడియోకు మాత్రం అది దండగ: ఇన్వర్టర్ మోతలో ఒక్క స్టేషనూ వినబడలేదు. శిఖరం మీద చెట్లు లేవు కనుక గడ మనమే మోసుకెళ్లాలి. ఎండకు, గాలికి చాటు లేదు. చూడటానికి పదికి పది ఇస్తాను, రేడియోకు ఆరు.

మహేంద్రగిరి కథ వేరు. 1501 మీటర్ల ఆ కొండ మీద భీముడి గుడి, కుంతి గుడి పక్కన నిలబడితే, మబ్బు లేని ఉదయం దూరంగా బంగాళాఖాతం కనిపిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ తరంగాలు చూపులాగే దాదాపు నేరుగా పోతాయి కనుక, అంత దూరం కంటికి కనబడుతోందంటే అది వాటికి రాజమార్గమే. ఇక్కడ మాత్రం ఎత్తే సర్వస్వం. ఇనుప కొలత టేపు ముక్కలు మూడు పీవీసీ గొట్టానికి బిగించి చేసిన యాంటెన్నాను చేత్తో పట్టుకుని దక్షిణంగా తిప్పాను. శ్రీకాకుళం మిత్రుడు మొదటి పిలుపుకే బదులిచ్చాడు. మధ్య దూరం దాదాపు తొంభై కిలోమీటర్లు. ఈశాన్యానికి తిప్పితే బరంపురం. శివరాత్రి రోజుల్లో మాత్రం అటు పోవద్దు, జనంలో తీగ పరచడానికి చోటుండదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ శిఖరం కూడా కాదు. కొండ కింది పల్లెలో తెలుగు కుటుంబం వారి పెంకుటిల్లు. సవరల ఊళ్ల మధ్య ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ నేర్చుకున్న సవర భాష ఆ వాకిలి ముందు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంటి పెద్దాయన నా తీగ చూసి, “ఇది కరెంటుదా బాబూ?” అని అడిగారు. కాదు తాతగారూ, టవరూ కరెంటూ లేకుండా మాట్లాడుకునే రేడియో అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, “తిత్లీ నాడు ఇది ఉంటే మా అమ్మాయి క్షేమం తెలిసేది” అన్నారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫానులో ఫోన్లు మూగబోతే, సోంపేటలో ఉన్న కూతురి కబురు కోసం ఆయన రోజుల తరబడి ఎదురుచూశారట. ఆ తర్వాత పనసచెట్టు ఎక్కి తాడు కట్టింది ఆయన మనవడే. మధ్యాహ్నం మూడు వరకు విశాఖ, రాజమండ్రి, హైదరాబాద్ పక్కింటి మాటల్లా వినిపించాయి. భోజనం చోడి అంబలి, గోంగూర పచ్చడి. డబ్బు తీసుకోవడానికి వాళ్లు చాలాసేపు ఒప్పుకోలేదు.

గోపాల్‌పూర్ గురించి ఎక్కువ చెప్పను. సరుగుడు తోపు అంచున, అలలకు దగ్గరగా ఐదు మీటర్ల తీగను నిలువుగా కట్టి పద్నాలుగు మెగాహెర్ట్జ్‌లో పిలిచాను. ఉప్పునీరు పక్కన ఉంటే నిలువు తీగ నుంచి తరంగాలు దిగంతానికి ఆనుకుని పోతాయి. దూరదేశాలు కావాలనుకునేవారు ఇక్కడికే రావాలి. సముద్రం ఎదుట ఉన్న హోటల్ గదికి మామూలు లాడ్జికి మూడింతలు అడిగారు. నేను బరంపురంలో బస చేసి తెల్లవారుజామున బస్సులో వెళ్లాను. ఉప్పుగాలికి కనెక్టర్లు రెండు రోజుల్లో పచ్చబడతాయి, తుడుచుకోవాలి.

ఎక్కడికి వెళ్లినా లైసెన్సు నకలు జేబులో ఉంచుకోండి. సరిహద్దు కొండల్లో తీగలు కట్టే కొత్త మనిషిని ఎవరైనా అనుమానిస్తారు, అది న్యాయమే. ముందుగా పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళితే సగం పని సులువు.

పల్లె నుంచి బయలుదేరేటప్పుడు తాడు విప్పబోతే తాతగారు వద్దన్నారు. మళ్లీ అక్టోబరు వస్తుంది, ఉండనీ అన్నారు. అది ఇంకా ఆ పనసకొమ్మ మీదే ఉంది.