మూడుల్‌లో గ్రూపులు: సెమిస్టర్ మధ్యలో పిల్లల్ని మార్చాల్సి వస్తే

పాఠాలు, అసైన్‌మెంట్‌లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్. 2020 నుంచి దాని మీదే నా కోర్సులన్నీ నడుస్తున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలో డేటాబేస్ ల్యాబ్ చెప్తాను. తరగతికి 64 మంది, నలుగురేసి 16 బ్యాచ్‌లు. సెమిస్టర్ మొదట్లో వీటిని వేయడం రెండు నిమిషాల పని. ఆటో క్రియేట్ నొక్కి, గ్రూపుకు ఎంతమందో చెబితే పంచేసి పెడుతుంది. ఆ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

తిప్పలన్నీ ఆ తర్వాతే. ఈసెట్ కౌన్సెలింగ్ అయ్యాక డిప్లొమా పిల్లలు వస్తారు. డిటైన్ అయినవాళ్లు రీఅడ్మిషన్ తీసుకుని వస్తారు. ఒకరిద్దరు సెక్షన్ మార్పించుకుంటారు. ఇక "మేడమ్, మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే పని చేస్తున్నా, నన్ను మార్చేయండి" అనేవాళ్లు లేని ఏడాదే లేదు.

మొదట్లో నాకు ఎదురైన గందరగోళం ముందు చెప్పాలి. ఒక అబ్బాయిని ఐదో గ్రూపు నుంచి పదకొండుకు మార్చాను. అంటే పదకొండులో చేర్చాను, ఐదులోంచి తీయడం మరిచిపోయాను. అదే వారం ఒక అమ్మాయి విషయంలోనూ అదే పని చేశాను. నాలుగు రోజుల తర్వాత ఆ అబ్బాయి వచ్చి, "మేడమ్, నేనేం పెట్టలేదు, కానీ నా పేరు మీద ఎవరిదో ఈఆర్ డయాగ్రమ్ ఉంది" అన్నాడు. చూస్తే ఆ అమ్మాయి ఫైలు. కాపీ అనుకుని పాపం వాణ్ణి నాలుగు మాటలు అన్నాను కూడా.

జరిగింది వేరు. గ్రూపు అసైన్‌మెంట్‌లో ఒకే మనిషి రెండు గ్రూపుల్లో కనిపిస్తే మూడుల్ ఆ రెండింటిలో ఏదీ ఎంచుకోదు, డిఫాల్ట్ గ్రూపులో వేస్తుంది. ఏ గ్రూపూ లేనివాళ్లు, రెండేసి ఉన్నవాళ్లు అందరూ అందులోనే. అందరికీ కలిపి ఒకటే సబ్మిషన్. ఒకరు పెట్టిన ఫైలు మిగతా అందరిదీ అయిపోతుంది. తప్పు నాదే, కానీ అది తప్పని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. గ్రూపులో ఉంటేనే సబ్మిట్ చేయనిచ్చే సెట్టింగ్ ఒకటుంది. అప్పటినుంచి ప్రతి అసైన్‌మెంట్‌కూ అది ఆన్‌లోనే పెడుతున్నాను. రెండు గ్రూపుల్లో ఉన్నవాళ్లకు సబ్మిషన్ కుదరదు. వాళ్లే వచ్చి నన్ను అడుగుతారు, నాకు సంగతి తెలుస్తుంది.

సరే, పాత గ్రూపులోంచి జాగ్రత్తగా తీసేశాం అనుకోండి. అప్పుడూ అయిపోదు. మార్కులు గ్రేడ్‌బుక్‌లో మనిషి పేరు మీద ఉంటాయి కాబట్టి అవి కదలవు. సబ్మిషన్ మాత్రం గ్రూపు పేరు మీద ఉంటుంది. దాంతో మారిన విద్యార్థి అక్టోబర్‌లో తన ఆగస్టు అసైన్‌మెంట్ తెరిస్తే కొత్త గ్రూపువాళ్ల ఫైలు కనిపిస్తుంది. మార్కు పాతది, ఫైలు ఇంకొకరిది. ఇంటర్నల్ మార్కుల మీద ఎవరైనా వచ్చి ఆధారం చూపించమంటే ఏం చూపిస్తాం? గ్రూపు మొత్తానికి మార్కు వర్తింపజేసే ఆప్షన్ కూడా సేవ్ నొక్కిన క్షణంలో గ్రూపులో ఎవరుంటే వాళ్లకే ఇస్తుంది. తర్వాత వచ్చినవాడికి రాదు. రాకపోవడమే న్యాయం అనుకోండి.

ఫోరమ్‌దీ ఇదే వరస. సపరేట్ గ్రూప్స్ (ఒక గ్రూపుది ఇంకో గ్రూపుకు కనపడని పద్ధతి) పెడితే, మారినవాడికి పాత గ్రూపులో తాను రాసిన చర్చలే కనపడవు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు పోయారు అన్నది లాగ్స్‌లో (ఎవరేం చేశారో నమోదయ్యే చోట) దొరుకుతుంది కానీ గ్రూపు పేజీలో ఉండదు. అక్కడ ఉండేది ఈరోజు జాబితా మాత్రమే.

డాలస్‌లో పాఠాలు చెప్పే మా చెల్లెలు కాన్వాస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే వాడుతుంది. అందులో అప్పటికే సబ్మిషన్ ఉన్న విద్యార్థిని కదపబోతే, గ్రూప్ సెట్‌ను క్లోన్ చేయమంటారా (గ్రూపులన్నిటికీ నకలు తీయమంటారా) అని అడుగుతుందట. మూడుల్ మారు మాట్లాడకుండా చెప్పింది చేసేస్తుంది.

అందుకే మూడేళ్లుగా నేను ఎవరినీ కదపడం లేదు. మిడ్-1 (సెమిస్టర్‌లో మొదటి ఇంటర్నల్ పరీక్ష) దాకా ఉన్న 16 గ్రూపుల్నీ ఒక గ్రూపింగ్ (కొన్ని గ్రూపుల్ని కలిపి పెట్టే సంచి లాంటిది) కింద ఉంచి అలాగే వదిలేస్తాను. మిడ్-1 అయ్యాక కొత్తగా గ్రూపులు వేసి రెండో గ్రూపింగ్ కింద పెడతాను. పాత అసైన్‌మెంట్‌లు మొదటి గ్రూపింగ్‌కు, కొత్తవి రెండోదానికి కట్టి ఉంటాయి. ఒక విద్యార్థి రెంటిలోనూ ఉన్నా ఒక్కో అసైన్‌మెంట్ తన గ్రూపింగ్‌నే చూస్తుంది కాబట్టి పేచీ లేదు. ఆగస్టు ఫైళ్లు ఆగస్టు మనుషుల దగ్గరే ఉంటాయి.

దీనికో ఖర్చుంది, టైమ్. గ్రూపుల పేర్లు సీఎస్‌వీ ఫైలుతో ఒక్కసారే ఎక్కించవచ్చు. మనుషుల్ని అలా ఎక్కించాలంటే అప్‌లోడ్ యూజర్స్ అనే సదుపాయం కావాలి, అది మా దగ్గర అడ్మిన్ చేతిలో ఉంది. సర్వర్ చూసే అబ్బాయిని బతిమాలే ఓపిక లేక నేనే ఒక్కో గ్రూపు తెరిచి చేరుస్తాను. గంట పోతుంది. మొదటిసారి ఇలా చేసినప్పుడు మా ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేసి, "మేడమ్, కొత్త అసైన్‌మెంట్‌లో నాకు ఒక్కరూ కనిపించట్లేదు" అన్నారు. ఆయనది నాన్-ఎడిటింగ్ టీచర్ రోల్, అంటే మార్కులు వేయగలరు, కోర్సును మార్చలేరు. సపరేట్ గ్రూప్స్‌లో ఆ రోల్‌వాళ్లు తామున్న గ్రూపుల్నే చూడగలరు. కొత్త గ్రూపుల్లో ఆయన్నీ చేర్చాలన్నది నాకు తట్టలేదు.

గడువు పొడిగింపులూ కాస్త చూసుకోవాలి. గ్రూపుకు ఇచ్చిన ఓవర్‌రైడ్ (ప్రత్యేక గడువు) గ్రూపుతోనే ఉంటుంది, మనిషి వెంట పోదు. జ్వరమొచ్చిన పిల్లకు గడువు పెంచాలంటే ఆమె పేరు మీదే ఇస్తాను. యూజర్ ఓవర్‌రైడ్ ఉంటే గ్రూపుది పక్కకు పోతుంది, ఆమె ఏ గ్రూపుకు వెళ్లినా అదే నడుస్తుంది.

ఇన్ని చిక్కులున్నా మూడుల్ వదలను. ఉచితం, మా సర్వర్ మీదే ఉంటుంది, ఎక్కడ తప్పినా వెతికితే కారణం దొరుకుతుంది. ఈ సెమిస్టర్‌కు ఇంకా ముగ్గురు డిప్లొమా పిల్లలు రావాలన్నారు. రెండో గ్రూపింగ్‌లో పదిహేడో గ్రూపు ఖాళీగా చేసి పెట్టుకున్నాను.