పియానో పీస్‌కి ఫీడ్‌బ్యాక్ అడగడం: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సొంతంగా కట్టిన పియానో పీస్‌ని బయటపెట్టే ముందు నలుగురికీ వినిపించి అభిప్రాయం అడగడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. పనికొస్తుందా అంటే, కచ్చితంగా వస్తుంది. కాకపోతే వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తే పీస్ పాడవుతుంది. ఎక్కడ తేడా కొట్టిందో వినేవాళ్లు చాలావరకు సరిగ్గానే పట్టుకుంటారు. దానికి మందు చెప్పేటప్పుడే గురి తప్పుతుంది.

నాకు ఎక్కువగా వచ్చే కామెంట్ "బేస్ మడ్డీగా ఉంది" అని. అంటే కింది స్వరాలు కలిసిపోయి మసకగా వినిపిస్తున్నాయని. వెనకే సలహా కూడా వచ్చేస్తుంది: ఈక్యూలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దే పనిముట్టు) 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య తగ్గించు. తగ్గిస్తే పియానో రేకు డబ్బాలా మోగుతుంది. పియానో మధ్యలోని సి స్వరం, అంటే మిడిల్ సి, ఉండేదే 262 హెర్ట్జ్ దగ్గర మరి, కోత నేరుగా దాని చుట్టుపక్కల స్వరాల మీదే పడుతుంది. చాలాసార్లు అసలు గొడవ ఎడమచేతిలో ఉంటుంది. మిడిల్ సికి రెండు ఆక్టేవ్‌లు (స్థాయిలు) కింద సి, ఇ, జి పక్కపక్కనే పట్టుకున్నారనుకోండి. ఆ సి 65 హెర్ట్జ్, ఇ 82. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలను చెవి విడదీయలేదు, గరగరలాడినట్టు వినిపిస్తుంది. ఇ స్వరాన్ని ఒక ఆక్టేవ్ పైకి పంపి సి, జి, ఇ అని విప్పి వాయించి చూడండి. ఈక్యూ ముట్టుకోకుండానే తేటపడుతుంది.

"రివర్బ్ ఎక్కువైంది" అన్నా (రివర్బ్ అంటే గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) అంతే. ముందు స్వరాలను మోగుతూ ఉంచే పెడల్ చూసుకోవాలి. కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) మారాక కాస్త ఆలస్యంగా పెడల్ వదిలితే పాత కార్డ్ కొత్తదాని మీదికి కారుతుంది. రివర్బ్ పూర్తిగా తీసేసినా అది పోదు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "ఎలా ఉంది?" అంటే "సూపర్" అని వస్తుంది, దాన్ని ఏం చేసుకోవాలి? "0:50 నుంచి 1:20 దాకా మెలడీ విడిగా వినిపిస్తోందా?" అని అడిగితే మాత్రం పనికొచ్చే జవాబు వస్తుంది. ఒకే పీస్‌కి రెండు మిక్స్‌లు (శబ్దాలను వేర్వేరుగా సర్దిన రూపాలు) పంపేటప్పుడు వాల్యూమ్ సమానం చేయాలి, లేదంటే గట్టిగా ఉన్నదానికే ఓటు పడుతుంది.

మిక్సింగ్ తెలిసినవాళ్ల దగ్గర నాకు బాగా ఉపయోగపడింది మోనో (ఎడమ, కుడి శబ్దాలను ఒక్కటిగా కలిపి వినడం) సంగతి. హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా ఉన్న స్టీరియో పియానో, ఒక్క స్పీకరున్న ఫోన్‌లో బోలుగా అయిపోవచ్చు. ఎడమ, కుడి మైకుల శబ్దాలు కలిసినప్పుడు కొన్ని స్వరాల దగ్గర అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది ఒంటరిగా కూర్చుని వింటే తట్టే విషయం కాదు. సంగీతం రానివాళ్లు చెప్పే "ఇక్కడ బోర్ కొట్టింది" అన్న మాటకీ నేను అంతే విలువిస్తాను. కంపోజిషన్ గురించి అంత సూటిగా ఇంకెవరూ చెప్పరు.

అసలు పనికిరానిది లౌడ్‌నెస్ మీద వచ్చే ఫీడ్‌బ్యాక్. "ఇంకా గట్టిగా ఉండాలి" అని లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పనిముట్టు) నొక్కితే మెల్లగా వాయించిన చోట్లన్నీ చదునైపోతాయి. అంత చేసి పంపినా స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో దాన్ని సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (శబ్దం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దించేస్తుంది. అందుకే ఆ ఒక్క ప్రశ్న నేనిప్పుడు ఎవరినీ అడగట్లేదు.