ఈఎస్‌పీ32-సీ3 రిఫరెన్స్ డిజైన్: నమ్మి అనుసరించదగినది

కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కుని సొంతంగా వైఫై బోర్డు తయారుచేసుకునే హైదరాబాద్ మిత్రులకు, ఎస్ప్రెసిఫ్ సంస్థ తన ఈఎస్‌పీ32-సీ3 వైఫై చిప్ కోసం ఉచితంగా ఇస్తున్న ఈ రిఫరెన్స్ డిజైన్‌ను, అంటే నమూనా బోర్డు డిజైన్‌ను, నిస్సంకోచంగా సూచిస్తాను. చిప్ నుంచి యాంటెన్నాకు వెళ్లే దారి 50 ఓమ్‌ల ఇంపెడెన్స్‌తో (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధంతో) ఉండాలనీ, మధ్యలో చిప్‌నూ యాంటెన్నానూ సరిపోల్చే మ్యాచింగ్ భాగాలకు చోటు వదలాలనీ, 3.3 వోల్టుల సరఫరా కనీసం 500 మిల్లీయాంపియర్లు ఇవ్వగలగాలనీ ఇందులో స్పష్టంగా ఉంది. నా మొదటి బోర్డులో యాంటెన్నా కింది రాగి పొరను తీయకుండా వదిలేశాను. పక్క గదిలోకి వెళ్లగానే సిగ్నల్ తెగిపోయేది. డిజైన్‌లో చూపినట్టు ఆ రాగిని పూర్తిగా తొలగించి, యాంటెన్నాను బోర్డు అంచుకు జరిపాక, మేడమీది నీళ్ల ట్యాంకు దాకా నిలకడగా అందుతోంది. డిజైన్ సూచించే నాలుగు పొరల బోర్డుకు ఖర్చు ఎక్కువే. చిప్‌ను ఆన్ చేసే ఈఎన్ పిన్ దగ్గరి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మాత్రం వదిలేయకండి. సరఫరా నిలకడపడ్డాకే చిప్ మొదలయ్యేలా చూసేవి అవే.