ఫ్యూనరల్ హోమ్: తరాలుగా ఒకే కుటుంబం నడిపేదా, కార్పొరేటుదా? అమెరికాలో మనవాళ్లకు ఏది మేలు?

తెలిసినవాళ్లింట్లో ఎవరైనా పోయారంటే నాకు వచ్చే ఫోన్లలో ముందుగా వినపడే ప్రశ్న ఇదే. ఆసుపత్రి నర్సు ఒక జాబితా చేతికిచ్చి, ఇందులో ఏ ఫ్యూనరల్ హోమ్‌కు కబురు చేయమంటారో చెప్పమంటుంది. ఫ్యూనరల్ హోమ్ అంటే దేహాన్ని తీసుకెళ్లి ఉంచి, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే సంస్థ. జాబితాలో ఉన్నవన్నీ ఇంటిపేర్లే. ఫలానా అండ్ సన్స్, ఫలానా బ్రదర్స్. ఏది కుటుంబానిదో, ఏది కంపెనీదో ఆ కాగితం చెప్పదు. మరణ ధ్రువపత్రం, దహనానికి అనుమతి ఎలా వస్తాయో మీకు తెలిసే ఉంటుంది కనుక వాటి జోలికి పోను. ఎంపిక గురించే మాట్లాడతాను.

బోర్డు మీది పేరుతో ఏమీ తేల్చుకోలేం. హ్యూస్టన్ కేంద్రంగా పనిచేసే సర్వీస్ కార్పొరేషన్ ఇంటర్నేషనల్ చేతిలో అమెరికా, కెనడాల్లో కలిపి 1,400కు పైగా ఫ్యూనరల్ హోమ్‌లు ఉన్నాయి. డిగ్నిటీ మెమోరియల్ అనే ముద్ర వీళ్లదే. ఒక ఊళ్లో పాత సంస్థను కొన్నప్పుడు ఆ కుటుంబం పేరును సాధారణంగా అలాగే ఉంచుతారు. తాతను సాగనంపినచోటే తండ్రినీ సాగనంపాలని వచ్చే జనానికి ఆ పేరే గుర్తు. మన దగ్గర కార్పొరేట్ కాలేజీ ఒక ఊరి పాత కాలేజీని కొని బోర్డు మార్చకుండా నడిపితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

తమాషా ఏమిటంటే, ఈ కంపెనీని 1962లో స్థాపించిన రాబర్ట్ వాల్‌ట్రిప్ స్వయంగా అలాంటి కుటుంబంలో పుట్టినవాడు. హ్యూస్టన్‌లో సొంతవాళ్లు నడిపిన ఫ్యూనరల్ హోమ్‌ను వారసత్వంగా అందుకున్నాడు. ఒకప్పుడు దీనికి గట్టి పోటీ ఇచ్చిన లోవెన్ గ్రూపు అధిపతి రే లోవెన్ కూడా కెనడాలోని మానిటోబాలో ఇదే వృత్తి చేసిన తండ్రికి కొడుకు. కుటుంబాల వ్యాపారాన్ని కుటుంబాల బిడ్డలే కంపెనీలుగా మార్చారన్నమాట.

ఆ లోవెన్ గ్రూపు కథ మరికొంచెం చెప్పాలి. మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీలో తరాలుగా ఫ్యూనరల్ హోమ్‌లు నడుపుతున్న కుటుంబానికి చెందిన జెరమయా ఓకీఫ్, ఒప్పందం చేసుకుని మాట తప్పారంటూ లోవెన్ మీద దావా వేశాడు. ఓకీఫ్ అంతకుముందు ఆ ఊరికి మేయరుగా చేసినవాడు. 1995లో జ్యూరీ ఆయనకు 50 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. చివరికి 17.5 కోట్ల దగ్గర రాజీ కుదిరింది. లోవెన్ గ్రూపు 1999లో దివాలా పిటిషన్ వేసింది. దాని స్థానంలో ఆల్డర్‌వుడ్స్ పేరుతో తేలిన కంపెనీని 2006లో ఎవరు కొన్నారో ఊహించవచ్చు: సర్వీస్ కార్పొరేషనే. 2013లో స్టూవర్ట్ ఎంటర్‌ప్రైజెస్ అనే మరో పెద్ద సంస్థను కొనబోతే, కొన్ని ఊళ్లలో పోటీయే లేకుండా పోతుందని, వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడి 53 ఫ్యూనరల్ హోమ్‌లు, 38 శ్మశానవాటికలు అమ్మించింది. కాబట్టి ఫోన్ చేయగానే మొహమాటం లేకుండా అడగండి: యజమాని ఎవరు? ఆయన, లేదా ఆవిడ, ఈ భవనానికి వస్తుంటారా? కుటుంబమైతే గర్వంగా చెబుతారు. కంపెనీ అయితే జవాబు కొంచెం వంకర తిరుగుతుంది.

ధర సంగతి త్వరగా ముగిస్తాను. 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యూనరల్ రూల్ అనే కేంద్ర నిబంధన రెండు రకాల వాళ్లకూ ఒకటే. ఫోన్లో అడిగితే ధర చెప్పాలి, నేరుగా వెళ్లి అడిగితే ధరల పట్టిక చేతికివ్వాలి, మీకు అక్కర్లేనివి అంటగట్టకూడదు, బయట కొన్న శవపేటికను అదనపు రుసుము లేకుండా ఒప్పుకోవాలి. దహనానికి పేటికే అక్కర్లేదు, గట్టి అట్టపెట్టె చాలు. బంధువులు చూడటానికి పేటిక కావాలంటే అద్దెకు దొరుకుతుంది. మొత్తం మీద కార్పొరేట్ల ధరలు ఎక్కువ. వినియోగదారుల సంఘాలు 2017లో పోల్చి చూసి ఇదే చెప్పాయి. అయితే చిన్నవాళ్లంతా సత్యహరిశ్చంద్రులని అనుకోవద్దు. 2023లో ట్రేడ్ కమిషన్ ఉద్యోగులు మామూలు మనుషుల్లా 250కి పైగా ఫ్యూనరల్ హోమ్‌లకు ఫోన్ చేసి చూసి, 2024 జనవరిలో 39 చోట్లకు హెచ్చరిక ఉత్తరాలు పంపారు. దర్శనం, దహనం కలిపి దేశం మొత్తం మీద మధ్యస్థ ఖర్చు ఆ ఏడాది 6,280 డాలర్లని ఫ్యూనరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం లెక్క. మీకు చెప్పిన ధరను దాని పక్కన పెట్టి చూసుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఈ రాత్రి దేహం ఏ భవనంలో ఉంటుంది?

కార్పొరేట్ పద్ధతిలో ఒక నగరంలోని నాలుగైదు శాఖలకు కలిపి ఒకే చోట శీతల గది, దేహం పాడవకుండా రసాయనాలు ఎక్కించే ఎంబామింగ్ గది, వాహనాలు, సిబ్బంది ఉండటం మామూలు. మీరు వెళ్లి మాట్లాడే శాఖలో సోఫాలు, పూలకుండీలు, ప్రార్థన మందిరం ఉంటాయి. మీ మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఎక్కడో ఒక కేంద్రంలో ఉంచి, కార్యక్రమానికి గంటో రెండు గంటలో ముందు తయారుచేసి తీసుకొస్తారు. ఇక్కడివాళ్లకు ఇది పెద్ద లోటు కాదు. దేహాన్ని సిద్ధం చేయడం వృత్తివాళ్ల పనే అన్న అలవాటు వాళ్లది. మనకు అలా కాదు. స్నానం చేయించాలి, కొత్త పంచె కట్టాలి, విభూతో నామమో పెట్టాలి, నోట్లో తులసితీర్థం పోయాలి, అందరూ వరుసగా నోటి దగ్గర బియ్యం వేయాలి. ఇదంతా ఇంటివాళ్ల చేతులతో జరగాలి.

పోయిన చలికాలంలో మా మామగారు ఇక్కడికి చూడటానికి వచ్చి మా ఇంట్లోనే పోయారు. దగ్గర్లో ఉన్నది ఒక పెద్ద కంపెనీ శాఖ. అక్కడి ఉద్యోగి చాలా మర్యాదగా మాట్లాడింది, మాట మాటకూ సానుభూతి చెప్పింది. కానీ స్నానం మేం చేయిస్తామంటే, దేహం ఉండే కేంద్రంలోకి బయటివాళ్లను రానివ్వడానికి బీమా నిబంధనలు ఒప్పుకోవంది. దీపం బదులు బ్యాటరీ కొవ్వొత్తి పెట్టుకోమంది. కర్పూరం అంటే ఏమిటో వివరించాక, పై అధికారిని అడిగి రేపు చెబుతానంది. ఆమె తప్పేమీ లేదు. ఆ భవనంలో ఏదైనా ఔననడానికి ఆమెకు అధికారం లేదు, అంతే.

ముప్పావు గంట దూరంలోని చిన్న ఊళ్లో మూడో తరం నడుపుతున్న ఇంకొకటి ఉందని మా పురోహితులు చెప్పారు. ఫోన్ ఎత్తింది యజమానురాలే. వెనక గదిలో నీళ్లు పోయే తూము ఉంది, గోరువెచ్చని నీళ్లు ఇస్తాను, మీవాళ్లు నలుగురు చేతి తొడుగులు వేసుకుని రావచ్చు అంది. దీపం, కర్పూరం లోపల ఇత్తడి పళ్లెంలో వెలిగించుకోవచ్చు, హోమం మాత్రం వెనక షెడ్డు కింద చేసుకోండి, పొగకు అలారం మోగితే అగ్నిమాపక దళం వచ్చేస్తుందంది. అంతకుముందు వాళ్ల దగ్గర ఒక గుజరాతీ కుటుంబం కార్యక్రమం జరిగిందట. అప్పుడు ఏమేం కావలసివచ్చాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. అది చూస్తూ, మీ వాళ్లలో కూడా కుండ పట్టుకుని తిరిగి పగలగొట్టేది ఉంటుందా, నేల మీద టార్పాలిన్ పరవనా అని తనే అడిగింది. మా అత్తగారు ఆ మాటకు నావైపు చూసి, ఇక్కడే చేద్దాం బాబూ అన్నారు.

ఆ ఇంటివాళ్లకు దహన యంత్రం కూడా సొంతమే, అదే ఆవరణలో. దహనం ఎక్కడ చేస్తారన్నదే రెండో ముఖ్యమైన ప్రశ్న అనుకోండి. చిన్న ఫ్యూనరల్ హోమ్‌లలో చాలావాటికి సొంత యంత్రం ఉండదు, బయట ఎక్కడో పారిశ్రామికవాడలోని క్రిమటోరియానికి, అంటే దహనశాలకు పంపుతారు. అక్కడ కుటుంబం నిలబడటానికి చోటుంటుందా, కర్త స్వయంగా యంత్రం బొత్తాం నొక్కవచ్చా అని ముందే తేల్చుకోవాలి. మనకు తలకొరివి అంటే ఇక్కడ ఆ బొత్తామే. సొంత యంత్రం ఉన్నవాళ్లయితే పెట్టె లోపలికి వెళ్లే తలుపు దాకా రానిస్తారు, ఎంతమందిని రానివ్వాలన్నది కూడా వాళ్లే నిర్ణయించగలరు. లోపల వేడి దాదాపు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, పని పూర్తవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పేస్‌మేకర్ ఉంటే తప్పకుండా చెప్పండి, వేడికి అది పేలుతుంది కనుక ముందే తీసేస్తారు.

అస్థికల సంగతి ఎక్కువమంది చివరిదాకా అడగరు. దహనం తరవాత మిగిలిన ఎముక ముక్కలను ఒక యంత్రంలో వేసి పొడి చేసి డబ్బాలో ఇవ్వడం ఇక్కడి పద్ధతి. సంచయనానికి ముక్కలే కావాలనుకుంటే, పొడి చేయకముందే కొన్ని తీసి ఉంచగలరా అని మొదటి రోజే అడగండి. యంత్రం దగ్గర పనిచేసే మనిషితో నేరుగా మాట్లాడగలిగినచోట ఇది సులువు. మూడు చేతులు మారే చోట ఆ మాట మధ్యలో ఎక్కడో పడిపోతుంది.

ఇక్కడ న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్లకు ఒక మినహాయింపు చెప్పాలి. ఆ రెండు రాష్ట్రాల్లో క్రిమటోరియాలు శ్మశానవాటికల సంస్థల చేతుల్లో ఉంటాయి, ఫ్యూనరల్ హోమ్‌కు సొంత యంత్రం ఉండదు. అంటే ఎడిసన్‌లో ఉన్నవాళ్లు కుటుంబ సంస్థను ఎంచుకున్నా, కంపెనీని ఎంచుకున్నా చివరికి చేరేది ఏదో ఒక శ్మశానవాటికకే. అక్కడ ఫ్యూనరల్ హోమ్ పని స్నానం, దర్శనం దాకానే. దేహం ఏ భవనంలో ఉంటుందన్న నా మొదటి ప్రశ్న అక్కడా వర్తిస్తుంది. రెండోది, అంటే కుటుంబం నిలబడవచ్చా, కర్త బొత్తాం నొక్కవచ్చా అన్నది శ్మశానవాటికను అడగాలి. టెక్సస్‌లో ఉన్నవాళ్లు సాధారణంగా మరణించిన 48 గంటల దాకా దహనం చేయడానికి వీలుండదని గుర్తుపెట్టుకోండి. పొద్దున పోతే సాయంత్రానికి అయిపోవాలని ఇండియా నుంచి పెద్దలు ఎంత తొందరపెట్టినా లాభం లేదు. ఆ రెండు రోజుల్లో నాలుగు చోట్ల కనుక్కోవచ్చు.

కార్పొరేట్ల పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. మూడు వందల మంది వస్తారనుకుంటే ఆ జనానికి తగిన మందిరం, కార్లు నిలిపే చోటు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. మేం వెళ్లినచోట అరవై కుర్చీలు ఉన్నాయేమో. సగం మంది ఆవరణలో చలిలో నిలబడ్డారు. యజమానురాలు ఒక్కతే అన్నీ చూసుకోవడంతో మరణ ధ్రువపత్రం ప్రతులు కొన్ని రోజులు ఆలస్యమయ్యాయి. కంపెనీలో ఒక మనిషి సెలవు పెడితే ఇంకొకరు ఉంటారు. పెద్ద నగరాల్లోని కొన్ని శాఖలకు మన కార్యక్రమాలు అలవాటే, పొగ బయటికి పోయే ఏర్పాటున్న గది కూడా చూశాను. మరోవైపు, నాలుగో తరం అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన ఆ నాలుగో తరానికి ఈ పని మీద మనసుందని చెప్పలేం. కొడుకు అమ్మకానికి బేరం చూస్తున్న ఫ్యూనరల్ హోమ్ కంటే, పదేళ్లుగా ఒకే మేనేజరున్న కంపెనీ శాఖ నయం.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి నేరుగా దహనం చేయించడం చవకే, కానీ అందులో కర్మకు చోటు లేదు. నెప్ట్యూన్ సొసైటీ వంటి పేర్లు చూసి ఇది వేరే రకం సంస్థ అనుకోవద్దు, అదీ సర్వీస్ కార్పొరేషన్‌దే. దేహాన్ని ఇండియాకు పంపాలంటే ఎంబామింగ్, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, విమాన సంస్థ అనుమతి ఉంటాయి. ఆ పనికి కుటుంబమా, కంపెనీయా అన్నది చూడకుండా, ఇంతకుముందు ఇండియాకు పంపిన అనుభవం ఉన్నవాళ్లను పట్టుకోండి. తానా టీమ్ స్క్వేర్ వంటి తెలుగు సంఘాల స్వచ్ఛంద బృందాలు ఇందులో సాయపడతాయి.

కాబట్టి నన్నడిగితే యజమాని రోజూ భవనంలో ఉండే కుటుంబ సంస్థ, వీలైతే సొంత యంత్రం ఉన్నది, కొంచెం దూరమైనా సరే. అది దొరక్కపోతే దేహాన్ని అదే భవనంలో ఉంచే కంపెనీ శాఖ. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ ఫోన్లు ఇప్పుడే, ఎవరికీ ఒంట్లో బాగోలేని రోజు రాకముందే చేసుకుంటే మంచిది. అలా అడగడం అశుభమని ఇంట్లో అంటే ఆఫీసు నుంచి చేయండి. వాళ్ల ప్రయాణ బీమా కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. దేహాన్ని ఇండియాకు పంపే ఖర్చు చాలా పాలసీల్లో ఉంటుంది, ఇక్కడే దహనం చేస్తే ఇస్తారో లేదో మాత్రం పాలసీకో రకంగా రాసి ఉంటుంది.