సహచరుడి నామినేషన్‌కు పలికే మద్దతును పూర్తిగా వినిపించే సేవ: సీ-స్పాన్ వీడియో లైబ్రరీ

అమెరికాలో ఉన్నత దౌత్య పదవుల నియామకాలకు సెనేట్ ఆమోదం తప్పనిసరి అని పుస్తకాల్లో చదువుకున్నవారు, ఆ ఆమోదం కోసం జరిగే విచారణలను మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూడాలనుకుంటే సీ-స్పాన్ వీడియో లైబ్రరీని మించినది నాకు కనిపించలేదు. కేబుల్ సంస్థల నిధులతో, లాభాపేక్ష లేకుండా 1979లో మొదలైన, అమెరికా చట్టసభల కార్యకలాపాలను చూపే టీవీ సంస్థ సీ-స్పాన్ ప్రసారాలను 1987 నుంచి భద్రపరుస్తూ వచ్చి, 2010లో ఆ సంపదనంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. రెండున్నర లక్షల గంటలకు పైబడిన ఈ భాండాగారంలో ఎన్నికల సభలూ, పుస్తక చర్చలూ ఎన్నో ఉన్నా, నేను పరిశీలించదలచుకున్నది ఒక్కటే: ఒక పదవికి ప్రతిపాదితుడైన సహచరుడి పక్షాన నిలబడి తోటివారు చెప్పే మాటలను విని, వాటి బరువెంతో తేల్చుకోవడానికి ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

ఎవరైనా అడిగితే నేను ముందుగా చూడమనేది 2013 జనవరి 24 నాటి విచారణను. విదేశాంగ మంత్రి పదవికి అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించిన జాన్ కెర్రీ, తాను దశాబ్దాలుగా సభ్యుడిగా ఉండి, 2009 నుంచి అధ్యక్షత కూడా వహించిన సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ ఎదుటే ఆ రోజు జవాబులు చెప్పవలసిన స్థానంలో కూర్చున్నారు. ఆయనను కమిటీకి పరిచయం చేయడానికి ముగ్గురు వచ్చారు: పదవి నుంచి తప్పుకుంటున్న హిల్లరీ క్లింటన్, కెర్రీ సొంత రాష్ట్రమైన మసాచుసెట్స్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతిపక్షానికి చెందిన జాన్ మెకెయిన్.

మొదటి ఇద్దరి మద్దతు ఊహించదగినదే. మెకెయిన్ మాటలను మాత్రం ఒకటికి రెండుసార్లు వినాలి. మెకెయిన్, కెర్రీ ఇద్దరూ వియత్నాం యుద్ధంలో నౌకాదళం తరఫున పోరాడినవారే అయినా, ఆ యుద్ధం వారిని చెరో దారి పట్టించింది. 1967లో హనోయ్‌లో విమానం కూలి శత్రువుల చేతికి చిక్కిన మెకెయిన్ ఐదున్నరేళ్లు ఖైదీగా గడిపారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన కెర్రీ 1971 ఏప్రిల్‌లో ఇదే కమిటీ ముందు ఆ యుద్ధాన్ని ఖండిస్తూ వాంగ్మూలం ఇస్తున్న రోజున మెకెయిన్ ఇంకా ఆ చెరలోనే ఉన్నారు. అలాంటి ఇద్దరు ఆ తరువాత యుద్ధఖైదీల, ఆచూకీ తెలియని సైనికుల వ్యవహారాలపై 1991లో ఏర్పడిన సెనేట్ ప్రత్యేక కమిటీలో కలిసి పనిచేశారు. వియత్నాంపై వాణిజ్య ఆంక్షలు ఎత్తివేయాలన్న తీర్మానాన్ని 1994లో 62-38 ఓట్లతో నెగ్గించారు. మరుసటి ఏడాది రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. విచారణలో మెకెయిన్ ప్రధానంగా ఎత్తుకున్నది ఆ ప్రత్యేక కమిటీకి కెర్రీ అధ్యక్షత వహించిన తీరునే. మేధావి, దార్శనికుడు వంటి విశేషణాలు ఎవరైనా ఎవరికైనా తగిలించవచ్చు గానీ, పక్కన కూర్చుని చూసిన ఒక కష్టమైన పనిని చెప్పి, అందుకే ఇతను తగినవాడని పూచీ పడడం వేరు. ఐదు రోజుల తరువాత సెనేట్ 94-3 ఓట్లతో కెర్రీని ఆమోదించింది.

ఈ సేవ గొప్పతనం అంతా కత్తిరింపులు లేకపోవడంలో ఉంది. ఆ విచారణ మధ్యలో ఒక నిరసనకారిణి లేచి, మధ్యప్రాచ్యంలో పోతున్న ప్రాణాల గురించి కేకలు వేసినప్పుడు, తానూ మొదటిసారి ఇక్కడికి తమ గొంతు వినిపించడానికి వచ్చిన బృందంలో ఒకడిగానే వచ్చానని కెర్రీ బదులిచ్చారు. వార్తల్లో ఆ ఒక్క ముక్కే వస్తుంది. ఇక్కడ దానికి ముందూ వెనుకా కూడా దొరుకుతుంది. వీడియో పక్కన ఉండే పాఠంలో (పలికిన మాటల రాతరూపంలో) ఏ వాక్యాన్ని నొక్కితే ఆ క్షణం నుంచి దృశ్యం మొదలవుతుంది, కావలసిన భాగాన్ని చిన్న క్లిప్‌గా చేసుకుని పంచుకోనూవచ్చు. ప్రతి ప్రముఖుడికీ ఒక పేజీ ఉండటం వల్ల, ఒక వ్యక్తి ఎప్పుడెప్పుడు ఎక్కడ మాట్లాడారో వరుసగా చూసుకోవచ్చు. సెనేట్ సభలో కెమెరాలు సెనేట్ అధీనంలోనే ఉంటాయి కాబట్టి అక్కడ మాట్లాడుతున్నవారే కనిపిస్తారు. సీ-స్పాన్ సొంత కెమెరాలతో చిత్రీకరించే కమిటీ విచారణల్లో వింటున్నవారి ముఖాలను కూడా చూడగలుగుతాం.

లోపాలు లేవని అనను. పాఠం ప్రసార సమయంలో తెరపై వచ్చిన క్యాప్షన్ల నుంచి సరిదిద్దకుండా తీసుకున్నది కనుక, ఎవరి మాటనైనా ఉటంకించే ముందు వీడియో విని సరిచూసుకోవాలి. అంతగా పేరులేని రాయబారుల విచారణలు అన్నీ ఇక్కడ దొరకవు. వాటి కోసం ఆ కమిటీ సొంత వెబ్‌సైటుకు వెళ్లాలి. సభ్యులు రాతపూర్వకంగా వేసే ప్రశ్నలూ, వాటి జవాబులూ వీడియోలో ఉండవు. తెలుగు క్యాప్షన్లు లేవు, ఉంటే ఎందరికో మేలయ్యేది.

అసలైన పరిమితి మరొకటి ఉంది. మద్దతు అంతా కెమెరా ముందే జరగదు. భారత్‌కు రాయబారిగా లాస్ ఏంజెలిస్ మేయర్ ఎరిక్ గార్సెట్టిని 2021 జూలైలో ప్రతిపాదించారు, ఆ డిసెంబరులో విచారణ జరిగింది. తన కార్యాలయంలోని ఒక సహాయకుడిపై వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణలు ఆయనకు ముందే తెలుసా అన్న ప్రశ్న (తెలియదనే ఆయన చెప్పారు) సొంత పార్టీలోనే సందేహాలు రేపి, నామినేషన్ ఏడాదికి పైగా ఆగిపోయింది. చివరికి 2023 మార్చి 8న కమిటీ 13-8తో, 15న సెనేట్ 52-42తో ఆమోదించాయి. సొంత పార్టీ సభ్యులు ముగ్గురు వ్యతిరేకించగా, జపాన్‌లో రాయబారిగా పనిచేసిన బిల్ హాగర్టీ సహా ఏడుగురు రిపబ్లికన్లు అనుకూలంగా ఓటేశారు. వారిని ఒప్పించడానికి నెలల తరబడి జరిగిన మంతనాలు ఏ భాండాగారంలోనూ ఉండవు.

అయినా మన విద్యార్థులకు, ముఖ్యంగా హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో విదేశాంగ సర్వీసు కోసం చదువుతున్నవారికి, ఈ సేవను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. మన దేశంలో రాయబారుల నియామకం పూర్తిగా ప్రభుత్వ నిర్ణయం. పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు, విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం సమావేశాలు ప్రసారం కావు. ఒక దౌత్యవేత్త తగినవాడా కాదా అన్న చర్చ బహిరంగంగా ఎలా నడుస్తుందో వారు చూడగలిగేది ఇలాంటి చోటే. కెర్రీ విచారణతో మొదలుపెట్టి, ఆ వెంటనే గార్సెట్టి విచారణ చూస్తే రెండు మధ్యాహ్నాలు సరిపోతాయి.